లీడ్సు పట్టణపు వైద్యుడు థాక్రా

ఇంగ్లాండు దేశమునందు యార్కుషైరు మండలమున ఎయిరు నదియొడ్డున లీడ్సు అను పట్టణము కలదు. చిరకాలమునుండి అది ఉన్నిబట్టల సంతకు ప్రసిద్ధి కెక్కినది. చుట్టుప్రక్కల పల్లెలలో ఇంటింట మగ్గముండెడిది. నేతగాడు తన యింటివారి సాయమున నేసిన బట్టను గుఱ్ఱముమీద వేసికొని వచ్చి సంతలో అమ్ముకొని సాయంకాలమునకు ఇల్లు చేరుచుండెను. పదునెనిమిదవ శతాబ్దము ముగియునప్పటికి ఆవిరియంత్రములు వచ్చెను. వానితో మిల్లులు లేచెను. ఒక తరము గడచునంతలో వేలకొలది జనులు, వారిలో పసిబిడ్డలు సైతము, ప్రొద్దు పొడువకమునుపే గంట విని మిల్లులోనికి బోవుటయు చీకటి పడిన పిదప వెలికి వచ్చుటయు వాడుక యయ్యెను. ఊరు ధనవంతమయ్యెను. ఆ ధనము వచ్చు మార్గమున మనుష్యులేల ఇంత త్వరగా చచ్చుచున్నారని విచారించి, లెక్కలు కట్టి, అచ్చువేయించిన వైద్యుడు ఒకడు ఆ యూరనే పుట్టెను. ఆయన పేరు చార్లెస్ టర్నర్ థాక్రా. ఆయన జీవితమును మా చదువరులకు ఇచ్చట సంగ్రహముగా తెలుపుచున్నాము.

థాక్రా 1795వ సంవత్సరము మే నెల 22వ తేదీన జన్మించెను. అప్పటికి లీడ్సులో వైద్యకళాశాల లేదు. వైద్యుడు కాగోరు బాలుడు ఊరిలోని యొక వైద్యుని యొద్ద కొన్నియేండ్లు శిష్యుడుగా నుండి, మందులు నూరుచు, కట్లు కట్టుచు, పని నేర్చుకొనవలసి యుండెను. థాక్రాయు నట్లే నేర్చుకొని, లీడ్సు ఆసుపత్రిలో రోగులను జూచి, 1815లో లండనుకు బోయి గై ఆసుపత్రిలో చేరెను. ఆస్ట్లీ కూపరు అను శస్త్రవైద్యుడు అప్పుడచ్చట బోధించుచుండెను. ఆ దినములలో ఆయనను మించిన పేరుగల శస్త్రవైద్యుడు ఇంగ్లాండున లేడనవచ్చును.

మా పై తరగతుల విద్యార్థులకు వింతగా తోచు విషయ మొకటి ఇచ్చట చెప్పవలెను. ఆ యేడే ఆ యాసుపత్రిలోనే మఱియొక యువకుడును వైద్యవిద్య నభ్యసించుచుండెను. అతడును 1795లోనే పుట్టినవాడు. ఆంగ్లపద్యములలో మనము చదువుకొను జాన్ కీట్సు కవి యతడే. ఆయన పరీక్ష నిచ్చియు వైద్యమును విడిచి కవిత్వమును చేపట్టి, 1821లో రోమునగరమున క్షయవ్యాధిచేత మరణించెను. థాక్రా వైద్యమును విడువలేదు. కాని ఆ క్షయయే ఆయనను గూడ పండ్రెండేండ్ల తరువాత కొనిపోయెను.

చదువు ముగించుకొని స్వగ్రామమునకు వచ్చిన థాక్రాకు 1817లో పట్టణమందలి బీదలకు వైద్యము చేయు నుద్యోగము దొరకెను. జీతము గొప్పది కాదు; గౌరవము అంతకన్న తక్కువ. అయినను ఆయన తరువాత చేసిన పనియంతయు ఈ యుద్యోగమునుండియే పుట్టినదని మా యభిప్రాయము. ధనవంతుల వైద్యుడు రోగిని పడకగదిలో మాత్రమే చూచును. బీదల వైద్యుడో, నేలమాళిగలలోనికి దిగవలెను. ఒకే గదిలో పండుకొను ఏడెనిమిదిమందిని దాటి రోగియొద్దకు బోవలెను. ఆ రోగి నిన్నటివరకు ఏ పనిలో నుండెనో, రేపు లేవకున్న నా యింట పొయ్యి యెట్లు వెలుగునో వినవలెను. ఒకే మిల్లునుండి, ఒకే గదినుండి, ఒకే తీరు దగ్గుతో వచ్చువారిని పదేపదే చూచినవానికి అనుమానము కలుగకుండునా?

1819లో ఆయన రక్తము గడ్డకట్టు తీరునుగూర్చి యొక గ్రంథము ప్రకటించెను. ఆ విచారణకు ఆస్ట్లీ కూపరు పేర నేర్పడిన బహుమానము లభించెను. 1826లో తన సొంత ఖర్చుతో లీడ్సులో శరీరశాస్త్ర పాఠశాల నొకదానిని తెఱచెను. 1831లో పట్టణమున వైద్యకళాశాల స్థాపింపబడినప్పుడు అందు ఉపన్యాసకులలో నొకడయ్యెను. ఇంత విద్వాంసుడయ్యు లీడ్సు ఆసుపత్రిలో శస్త్రవైద్యుని పదవి ఆయనకు ఎన్నడును దక్కలేదు. ఆయన మాట కఱకు. తోటివైద్యులతో జగడములును పడెను. మహనీయుల చరిత్రములు వ్రాయువారు ఇట్టివానిని దాచుట కలదు. మేము దాచనక్కఱలేదని తలచితిమి. మంచిమాటకారి యైనవాడు ఆయన వ్రాసిన గ్రంథమును వ్రాసి యుండడేమో!

ఆ గ్రంథము 1831లో వెలువడెను. ముఖ్యమైన చేతిపనులును, వ్యాపారములును, విద్యావృత్తులును, పట్టణనివాసమును మనుష్యుల ఆరోగ్యమునకును ఆయుర్దాయమునకును ఏమి చేయునో అందు విచారింపబడినది. అంతకు 131 ఏండ్లకు పూర్వము, 1700లో, ఇటలీదేశపు వైద్యుడు బెర్నార్డీనో రామజ్జీని పనివారి వ్యాధులనుగూర్చి లాటినుభాషలో గొప్పగ్రంథ మొకటి వ్రాసెను. కాని రామజ్జీని చూచినవి చేతిపనులు. ఆవిరిమిల్లు ఆయన యెఱుగడు. మిల్లులు నిండిన పట్టణమున నిలిచి, ఇంగ్లీషున ఈ విషయమును సమగ్రముగా వ్రాసినవాడు థాక్రాయే మొదటివాడు.

ఆయన పద్ధతి మిక్కిలి సాదా. గ్రంథములు చదువుటతో తృప్తి నొందక మిల్లులోనికి స్వయముగా బోయెను. యజమానిని అడిగెను, మేస్త్రీని అడిగెను, పనివానిని అడిగెను. ముగ్గురి మాటలును పోల్చి చూచెను. ఒక్కొక్క గదిలో ఎంతమంది యున్నారో, వారి వయస్సులెంతో, ఎన్నియేండ్లనుండి ఆ పనిలో నున్నారో వ్రాసికొనెను. ఊపిరి కొలుచు సాధన మొకటి తీసికొనిపోయి, నిండుగా గాలి పీల్చి దానిలోనికి ఊదుమని పనివారిని కోరి, ఎవరి ఊపిరితిత్తులలో ఎంత గాలి పట్టునో చూచెను. వైద్యులు రోగి నాడిని పట్టి, నాలుకను జూచి తృప్తిపడు ఆ రోజులలో ఇట్టి కొలతలు క్రొత్త.

ఆయన చూచినవానిలో అన్నిటికంటె ఘోరమైనది అవిసెనార దువ్వు పని. అవిసెగింజ మనమెఱిగినదే. శీతలదేశములలో ఆ మొక్కను కాడనుండి తీయు నారకొఱకును పెంచుదురు; బైబిలునందు మనము చదువు సన్నపునార బట్టలు ఇట్టి నారతో నేసినవే. కాడలను నీట నానవేసి, ఎండబెట్టి, దంచి, పిమ్మట ఇనుపపండ్ల దువ్వెనలమీద లాగి దువ్వవలెను. అట్లు దువ్వునప్పుడు పొట్టును, సన్నని ధూళియు పొగవలె లేచును. మన యూళ్లలో దూది యేకువాని యెదుట కొంతసేపు నిలిచినవారు ఆ నలక ఎట్టిదో యూహింపగలరు. అయితే దూది యేకువాడు చెట్టుక్రిందనో, వాకిటనో కూర్చుండును. లీడ్సు మిల్లులలో కిటికీలు మూసిన గదిలో, పదులకొలది జనులు, దినమునకు పండ్రెండు గంటలకు తక్కువకాకుండ ఆ ధూళిలో నిలువవలెను. చూడవచ్చిన క్రొత్తవాడు కొన్ని నిమిషములైనను ఊపిరి ఇబ్బంది లేక నిలువలేడని థాక్రా వ్రాసెను. దువ్వువారికి మొదట పొడిదగ్గు వచ్చును, పిదప ఆయాసము, పిదప మెట్లెక్కలేకపోవుట. ఆ పనిని ముప్పదియేండ్లు ఓర్వగలిగినవారు మిక్కిలి అరుదని ఆయన విచారణలో తేలెను.

లెక్కల తరగతి బాలురు ఈ క్రింది సంఖ్యలను శ్రద్ధగా చూడవలెను. చక్కగా నడుపబడుచున్నదని పేరుగల పెద్ద అవిసెమిల్లు నొకదానిని థాక్రా యెంచుకొనెను. అందు పనిచేయువారు 1079 మంది. వారిలో 50 ఏండ్లు నిండినవారు 9 మంది. వీరుగాక 40 ఏండ్లు నిండినవారు 22 మంది. అనగా నలువది దాటినవారు నూటికి ముగ్గురైనను లేరు! ఈ లెక్కను తొందరపడి చదువుటయు తప్పే. మిల్లులు పిల్లలను, పడుచువారిని ఎక్కువగా చేర్చుకొనును. కొందఱు వేఱుపనికి పోయియుందురు. కావున మిగిలినవారందఱు చనిపోయిరని చెప్పరాదు. థాక్రాయు నట్లు చెప్పలేదు. నలువదియేండ్ల మనుష్యుడు ఒక పనికి పనికిరాకపోయినచో ఆ పనిని మనుష్యులకు తగినదని యెట్లనవచ్చు నన్నదే ఆయన సందేహము. వ్యాధి సోకి వెడలగొట్టబడినవాడు మిల్లు పుస్తకములో కనబడడు. వానిని వెదుకవలసినచోటు బీదల వైద్యుని పుస్తకము. అదియును ఆయన చేతనే యుండెను.

ఉన్నిపనివారు ఇంతకంటె మేలుగా నుండుటను ఆయన గమనించెను. ఉన్నిని ఏకుటకు ముందు నూనె పట్టింతురు గనుక ధూళి అంతగా లేవదు. ఒకే యూరు, ఒకే గాలి, ఒకే కూలి. కాని ఒకని రొమ్ము చెడిపోవుచున్నది, ఒకనిది నిలుచుచున్నది. కావున దోషము పనివాని నడతయందు మాత్రమే కలదనువారి వాదము నిలువదు. పనివారి త్రాగుడును ఆయన క్షమింపలేదు. దానిని కఠినముగానే ఖండించెను. అయినను ధూళికి మద్యము కారణము కాదుకదా.

ఒకప్పుడు ఆయన మాంచెస్టరు నగరమునకు బోయి, పగలు పండ్రెండు గంటలకు వీధిలో నిలిచి, ప్రత్తిమిల్లులనుండి భోజనమునకు వెలువడు జనప్రవాహమును చూచెను. పిల్లలు ఇంచుమించు అందఱును చిన్నవారై, పాలిపోయి, కాళ్లకు జోళ్లు లేక, చింపిరి బట్టలతో నుండిరి. పెక్కుమందికి ఏడేండ్లకు మించి యుండవని తోచెను. మగవారిలో ఎక్కువమంది పదునాఱు మొదలు ఇరువదినాలుగేండ్ల లోపలివారు. ముసలివా డొక్కడును కనబడలేదు. స్త్రీలు కొంత శుభ్రముగా నుండిరి గాని, నవనవలాడు మొగ మొక్కటియు లేదు. ఆ గుంపును జూచుచు ఆయన యెంతసేపు నిలిచెనో! పెరుగు వయస్సు శ్రమపడవలసిన వయస్సు కాదనియు, పసిబిడ్డలచేత కూలిపని చేయించుటయే తప్పనియు ఆయన తన గ్రంథమున స్పష్టముగా వ్రాసెను. ఈనాటి తలిదండ్రులకు ఇది చెప్పనక్కఱలేని మాటగా తోచును. అప్పుడు పార్లమెంటు సభ్యులలోనే అనేకులు దీనిని అంగీకరింపలేదు.

గ్రంథమంతయు దుఃఖవార్తలే యని యెంచరాదు. దర్జీలు బల్లమీద కాళ్లు మడచి వంగి కూర్చుండుటచేత వారి వెన్నును, జీర్ణశక్తియు చెడుచున్న వని చూచి, బల్లలో మనిషి నడుము పట్టునంత రంధ్రము చేసి, దాని క్రింద పీట వేసి కూర్చుండిన చాలునని చెప్పెను. ఒక రంపమును, ఒక అరగంటయు నున్న తీరు బాధ! గంటలకొలది పుస్తకముమీద వంగియుండు విద్యార్థులనుగూర్చియు, గుమాస్తాలనుగూర్చియు ఆయన వ్రాసెను. మా యుపాధ్యాయులకును అందు పాలు లేకపోలేదు. మిల్లులకు గాలి వచ్చుపోవు మార్గము లేర్పరచుట, ధూళిని గదినుండి వెలికి పంపుట, పనిగంటలు తగ్గించుట, ఇవియే ఆయన కోరినవి. యంత్రములను పగులగొట్టుమనలేదు, మిల్లులు మూయుమనలేదు. అనేక బాధలకు ఉపాయము తెలిసియు, సులభమయ్యు, కేవలము అజాగ్రత్తచేతనే అవి నిలిచియున్నవని ఆయన బాధపడెను. లీడ్సు మరణముల లెక్కను పల్లెప్రాంతముల లెక్కతో పోల్చి, పనుల హానిచేతను, ఇరుకు నివాసముచేతను, దానివలన కలుగు చెడు అలవాటులచేతను తన యూరిలో ఏటేట 450 మందికి తక్కువకాకుండ కాలముకాని చావు చచ్చుచున్నారని తేల్చెను. దినమున కొకటి కంటె ఎక్కువ శవములన్నమాట.

ఇంతలో యార్కుషైరున పెద్ద యలజడి లేచెను. 1830లో రిచర్డు ఓస్ట్లరు అను నాతడు లీడ్సు వార్తాపత్రికకు ఒక లేఖ వ్రాసి, దూరదేశపు బానిసలకొఱకు కన్నీరు విడుచువారు తమ వాకిటిలోని మిల్లుపిల్లలను చూడరేమని యడిగెను. పిల్లల పని దినమునకు పదిగంటలకు మించరాదని శాసనము చేయవలెనని మైకేలు శాడ్లరు పార్లమెంటులో పట్టుపట్టెను. 1832లో ఆయన అధ్యక్షతను ఒక విచారణసంఘ మేర్పడి, మిల్లులో నడుము వంగిపోయిన యువకులను, తల్లిదండ్రులను, వైద్యులను పిలిచి సాక్ష్యము తీసికొనెను. సాక్ష్యమిచ్చిన వైద్యులలో థాక్రాయు నొకడు. మిల్లు యజమానులే తనకు ఫీజు ఇచ్చు పెద్దమనుష్యులుగా నున్న యూరిలో బ్రతుకవలసిన వైద్యునికి ఆ సాక్ష్యము సులభమైనది కాదు.

ఆ యేటి డిసెంబరులో లీడ్సు పట్టణము మొదటిసారి పార్లమెంటుకు తన సభ్యుల నెన్నుకొనెను. శాడ్లరు నిలిచి యోడిపోయెను. గెలిచిన యిద్దఱిలో ఒకడు జాన్ మార్షలు. లీడ్సు అవిసెమిల్లుల యజమానులలో అగ్రగణ్యుడైన మార్షలుగారి కుమారుడు. రెండవవాడు థామస్ మెకాలే. మన దేశపు విద్యావిధానమును ఇంగ్లీషువైపు త్రిప్పిన 1835వ సంవత్సరపు లేఖను వ్రాసిన మెకాలేయే యీతడు. మన పాఠశాలల చరిత్రయు ఆ మిల్లుల చరిత్రయు ఒక ఎన్నికలో ఇట్లు తగులుకొనుట మాకును చదువుచున్నప్పుడు ఆశ్చర్యము కలిగించెను.

ఆ 1832వ సంవత్సరమే లీడ్సులో కలరా వచ్చి 700 మందికి పైగా కొనిపోయెను. థాక్రా ఆ వ్యాధినిగూర్చియు ఒక గ్రంథము వ్రాసెను. ఆ నడుమనే తన మొదటి గ్రంథమును బహుగా పెంచి రెండవమారు అచ్చువేయించెను. ఇవన్నియు చేయుచున్న మనుష్యుని రొమ్మున అప్పటికే క్షయ పాతుకొని యుండెను. తాను తరుముకొనుచున్న కాల మెంత మిగిలియున్నదో వైద్యుడగుటచేత ఆయనకు తెలియకుండునా? 1833 మే 23వ తేదీన, ముప్పదియెనిమిదవ జన్మదినము గడచిన మఱునాడు, ఆయన కన్ను మూసెను.

మూడు నెలలకు, ఆగస్టులో, ఫ్యాక్టరీ శాసనము పార్లమెంటులో నెగ్గెను. పట్టుమిల్లులు తప్ప ఇతర నూలు, నేత మిల్లులలో తొమ్మిదేండ్లలోపు పిల్లలను చేర్చరాదు. తొమ్మిది మొదలు పదుమూడేండ్లవరకు గల పిల్లలకు వారమునకు 48 గంటలకు మించి పని యుండరాదు. వారికి దినమునకు రెండుగంటల చదువు చెప్పింపవలెను. వీనిని కనిపెట్టుటకు నలుగురు ఇన్‌స్పెక్టర్లు. అంతకుమునుపు శాసనములు లేకపోలేదు గాని కనిపెట్టువారు లేక అవి కాగితముమీదనే నిలిచెను. ఇదియు వెంటనే సఫలము కాలేదు. ఇంగ్లాండులో జననముల రిజిస్టరు 1837లో గాని మొదలుకాలేదు. అంతవరకు వైద్యుడు పిల్లవాని యెత్తునో, పండ్లనో చూచి వయస్సు నిర్ణయింపవలెను. చదువు చెప్పితినని పత్రమిచ్చిన గురువులలో సంతకము రాక గుఱుతు పెట్టినవారును కలరని ఇన్‌స్పెక్టర్లు తెలిపిరి! మా వృత్తివారినిగూర్చి ఇది చెప్పుకొనుట సిగ్గే, కాని నిజము.

వ్యాధి మాట యొకటి మిగిలియున్నది. థాక్రా కాలమున ఊపిరితిత్తుల జబ్బులు అన్నియు కలగలిసిపోయి యుండెను. క్షయ సూక్ష్మజీవిచేత కలుగునని రాబర్టు కాకు చూపినది 1882లో. నారధూళిచేత కలుగు వ్యాధి వేఱు. దానికి 1877లో ఆడ్రియను ప్రూస్టు అను ఫ్రెంచివైద్యుడు సన్నపునారను తెలుపు గ్రీకుమాటనుండి బిస్సినోసిస్ అని పేరు పెట్టెను. ప్రత్తి, అవిసె మొదలగు నారలను ఏకు, దువ్వు గదులలో ఏండ్లకొలది పనిచేసినవారికి ఇది వచ్చును. ఆదివారము విశ్రాంతి తీసికొని సోమవారము పనిలో చేరిన దినమున రొమ్ము బిగబట్టినట్లుండుట దీని మొదటి గుఱుతు. ఏండ్లు గడచినకొలది ఆ బిగువు వారమంతయు నిలిచి, తుదకు పని మానినను పోదు. నారను పట్టియుండు సూక్ష్మజీవుల విషపదార్థము దీనికి ముఖ్యకారణమని పిమ్మటి పరిశోధకులు గ్రహించిరి. దువ్వు గదిలోని దగ్గును క్షయనుండి వేఱుచేసి చూపు సాధనములు థాక్రాకు లేవు. ఏ గదినుండి ఆ దగ్గు వచ్చుచున్నదో మాత్రము ఆయన తప్పక పట్టుకొనెను.

ఆయన కోరిన పదిగంటల శాసనము, యువకులకును స్త్రీలకును వర్తించునట్లు, 1847లో వచ్చెను. అప్పటికి ఆయన పోయి 14 ఏండ్లు. మన దేశమున మొదటి ఫ్యాక్టరీ శాసనము 1881లో వచ్చెను. అది ఏడేండ్లలోపు పిల్లలను మాత్రమే మిల్లునుండి తప్పించెను. ఏడు మొదలు పండ్రెండేండ్ల వరకు గల పిల్లలకు దినమునకు తొమ్మిదిగంటల పనిని అనుమతించెను.